మూడు చుక్కలు

గ్రీమ్స్ రోడ్డు సందులో మందుల షాపు బోర్డుల మీద
పైన అరవం, కింద అరబ్బీ.
రెండూ చదవడం రాదు నాకు.
అరబ్బీ మాట మాత్రం వస్తుంది -
పన్నెండేండ్లు కువైట్లో ఒక వంటింట్లో
తిట్లలో నుంచి ఏరుకున్నది.
ఇప్పుడదే నా కూడు.
మూడో అంతస్తు, మెడలో నీలం తాడు,
గుండెనొప్పి, మూత్రంలో మంట, ఆపరేషన్ ఖర్చు,
ఒకరి రోగం ఇంకొకరికి అప్పజెప్పడం.

ఆడి నెలలో వచ్చింది ఆమె.
ఇన్సాఫ్ అల్ దవ్వాస్, డెబ్బై ఒకటి, బస్రా.
కుడికంట్లో పొర చిరిగింది.
వేళ్ళ మధ్య వెలిగించని సిగరెట్టు.
పేరు పిలవగానే
డయాలసిస్ ముసలాయన ఒకాయన
సూది గుచ్చిన చెయ్యితోనే లేచి నిలబడినాడు.
"ఈమె ఎవరో తెలుసునా నీకు?
ఈమె నవలను వంటల పుస్తకం అట్టలో పెట్టి కుట్టి
మూడు చెక్‌పోస్టులు దాటించినా.
మా అన్న రెండే దాటినాడు."
ఆ మాట నేను డాక్టరుకు తర్జుమా చెయ్యలేదు.
ఆయన అడగలేదు.

పొద్దుగూకేసరికి కారిడారంతా తెలిసిపోయింది.
యెమెన్ పిల్ల ఫోన్లో ఫొటో చూపించింది:
ఏదో ఊరి వేదిక, మెడలో పతకం, నల్లటి జుట్టు,
వేళ్ళ మధ్య అదే సిగరెట్టు.
ఒమాన్ వాళ్ళు ఖర్జూరాలు తెచ్చి
మంచం కాళ్ళ దగ్గర పెట్టి పోయినారు.
ఆమె నన్నడిగింది -
ఈ ఊర్లో ఉప్పుచేప యాడ దొరుకుతుందని.

రాత్రిళ్ళు నిద్ర రాక చెప్పేది:
"మొదటిది అమ్మాన్‌లో, బట్టల షాపులో రాసినా,
ఇస్త్రీ పెట్టె మళ్ళీ వేడెక్కే లోపల ఒక పేజీ.
రెండోదానికి మొగుడు పోయినాడు.
మూడోదానికి దేశం పోయింది.
నాలుగోదానికి పతకమిచ్చినారు.
మూడు నిమ్మకాయలంత బరువుంటుంది."

నాలుగో రాత్రి అడిగినా:
"మీ కతల్లో నాలాంటిది ఉందా అమ్మా?"
"ఉంది. రెండో పుస్తకంలో. టీ తెస్తుంది."
"పేరేంది?"
కింద ఆటో ఒకటి స్టార్టు కాక దగ్గుతా ఉంది.
"పనిమనిషి అని రాసినా."
"ఎన్నిసార్లు వస్తుంది?"
"తలుపు చప్పుడైనప్పుడల్లా."

కోపమేం రాలేదు నాకు.
కువైట్లో నన్ను మరియం అనేవాళ్ళు.
నాకు ముందు పోయినదాన్నీ మరియమనే అన్నారంట.

"నీ పేరు చెప్పు, నిదానంగా."
పెంచలమ్మ.
చక్కగా పలికింది. రెండోసారి కూడా.
"నీ పేరులో రెండు శబ్దాలు, ప, చ -
మా బస్రా వీధిలో పొద్దస్తమానం పలుకుతాం.
పుస్తకం బాసలోకి మాత్రం రానియ్యరు.
వాటికి అక్షరాల్లేవు."
ఉండు, అనింది.
మందుల చీటీ తిప్పి, ఒంటికంటితో,
ముక్కు కాగితానికి తగిలేంత వంగి
'బ' కింద చుక్కకు ఇంకో రెండు పెట్టింది,
'జ' కడుపులో చుక్కకు ఇంకో రెండు.
"పొరుగోళ్ళ దగ్గర అరువు తెచ్చిన చుక్కలు" అని నవ్వింది.
ఒక చుక్క గీత దాటి పక్కకు పోయింది.
దిద్దలేదు.

కొత్త పుస్తకంలో పెడతానని ఆమె అనలేదు.
పెట్టమని నేనూ అడగలేదు.
శనివారం డిశ్చార్జి.
వీల్‌చెయిర్లో పోతా పోతా
ముసలాయన మంచం దగ్గర ఆగి
వాళ్ళన్న పేరు అడిగింది.

చీటీ నా కార్డు వెనకాల ఉంది.
ఒకవైపు నేను, నాకు చదవడం రాని నేను.
రెండోవైపు కంట్లో వేసే చుక్కల మందు,
రోజుకు నాలుగుసార్లు.