పోక

గుణుపురం ఆస్పత్రిలో పళ్ళ డాక్టరు
టార్చి వేసి ఒడియాలో ఏదో అన్నాడు.
"పోక" ఒక్కటే అందింది నాకు.
వక్కలెవరు పెడతారండీ పసిపిల్లకి, అన్నాను.

తెరిచిన నోటితోనే
ఐదేళ్ళ లిపి తెలుగు చేసింది:
"పోకంటే పురుగమ్మా. నా పంట్లో."

రాత్రుళ్ళు పంచదార పాలసీసా
నోట్లో పెట్టి పడుకోబెట్టింది నేనే.
మిషను మీద జాకెట్లు మిగిలిపోయేవి,
పిల్ల ఏడవకుంటే చాలనిపించేది.
ముందు పళ్ళు నాలుగూ
తడిసిన సుద్దముక్కల్లా అంచులు రాలాయి.

"పాలపళ్ళేగదేటి, ఊడిపోయేవే" అంది అత్త
చూపుడువేలు గుడాకులో ముంచుతూ.
ఊడేదాకా వాటితోనే నమలాలి కదా.
పైకి అన్లేదు.

మర్నాడు తలుపు వెనక లిపి
అచ్చం అత్తలాగే గొంతుకూర్చుని
డబ్బా మూత తీసి
వేలు చిగురుదాకా తెచ్చింది.
అరిచింది నేను కాదు,
అత్త.

డబ్బా అటకెక్కింది.
పిల్ల బడికెళ్ళాక దిగుతుందని తెలుసు.
నలభయ్యేళ్ళ వేలది,
నేనేమీ అడగను.

ఇప్పుడు రాత్రి బల్బు కింద
లిపి తల నా ఒళ్ళో.
బఠాణీ గింజంత పేస్టు.
లెక్క దానిది: ఏకొ, దుయి, తిని, చారి...
తెలుగులో పదిదాకే వచ్చు దానికి,
ఒడియాలో యాభై.
అందుకే ఒడియాలో తోముతాం.

నిద్రొస్తే ముప్ఫైలన్నీ ఎగ్గొడుతుంది దొంగ.
వెనక దవడ పన్ను దగ్గర
బ్రష్షు ఆపి
మళ్ళీ ఏకొ అంటాను,
నా యాసకి అది
నురగంతా నా చీర మీదకి నవ్వుతుంది.