మార్చి ముప్పై ఒకటి

ఏటా ఈ ఒక్కరోజు నేను ఎవ్వరినీ కాదు.
నిన్న సాయంత్రంతో కాంట్రాక్టు అయిపోయింది,
రేపు పొద్దున మళ్లీ మొదలవుతుంది.
మధ్యలో ఈ రోజును కావాలనే కోసి పక్కన పెడతారు
పదకొండేళ్ల సర్వీసు
పదకొండు ముక్కలుగానే మిగలాలని.

చిత్తూరు చర్చి వీధి మలుపులో టీ తాగుతున్నా.
మెడలో కార్డు లేదు.
చొక్కా తేలిగ్గా ఉంది, జేబు కూడా.

పక్కింటి హేమశ్రీ నిన్న అడిగింది:
"అన్నా, డిగ్రీ అయిపోయింది గదా,
తిరుపతిలో ఆ ప్రజారోగ్యం కోర్సు చేస్తే
నీ మాదిరి హెల్త్ ఎడ్యుకేటర్ అవ్వొచ్చంట.
జీతం ఎంతొస్తాది?"

కాగితం మీద ఇరవై మూడు వేల ఐదొందలు.
ఏజెన్సీ కోత, పీఎఫ్ కోత పోను ఇరవై వేల చిల్లర.
అదీ మూడు నెలలకోసారి, ఒక్కోసారి నాలుగు.
పెట్రోలు నాది. ఫ్లిప్‌చార్టు చినిగితే గమ్ము నాది.
పర్మనెంటు పోస్టులు
రిటైరైన పెద్దమనుషులతో పాటే రిటైరయినాయి.
ఇవన్నీ చెప్పబోయి
"రేపు చెప్తాలేమ్మా" అన్నా.
రేపంటే ఈరోజే.

డాక్టరు వేసిన సూది కనపడుతుంది,
నర్సు కట్టిన కట్టు కనపడుతుంది.
నేను ఒక మాట చెప్పి వచ్చేస్తా.
"మాటలకు గూడా జీతమా?" అంటాడు గుమాస్తా,
నా బిల్లును కట్ట అడుక్కి తోస్తూ.

నిజమే, మాటకు తూకం యాడుంది?
బెల్లం దిమ్మెకైతే ఉంది.
ఆ బెల్లం మండీలోనే,
తీపి వాసన గొంతులోకి దిగుతుంటే,
షుగరు గురించి ఉపన్యాసమిచ్చిన మొనగాణ్ని నేను.
ఈగలు గూడా వినలేదు.
హమాలీలు గోనెల మీద పడి నవ్వారు.
నవ్వనోడు చెంగల్రాయుడు ఒక్కడే.

నన్ను లారీ చాటుకు పిలిచి
అరికాలు ఎత్తి చూపించాడు.
మేకు ఎప్పుడు దిగిందో వాడికే తెలీదు,
నొప్పి లేదు కాబట్టి.
నొప్పి లేకపోవడమే జబ్బని నమ్మించడానికి
నాకు నాలుగు వారాలు పట్టింది.
రాత్రి పడుకోబోయే ముందు
మీ ఆవిడ బొట్టు పెట్టుకునే అద్దం నేల మీద పెట్టి
అరికాలు చూసుకో అన్నా.
"మొగం చూసుకునే వయసే పోయె,
కాలు చూసుకోమంటావా సార్?" అన్నాడు.
చూసుకున్నాడు.

ఆ బొటనవేలు ఇప్పుడూ ఉంది.
తెగిన చెప్పులోంచి తొంగి చూస్తా ఉంటుంది.

నెలాఖరు రిపోర్టులో గడులున్నాయి:
మీటింగులెన్ని, వచ్చినవాళ్లెందరు, ఫొటోలెన్ని.
తెగని వేలికి గడి లేదు.
రాని వాంతులకు, ఎక్కని అంబులెన్సుకు లేదు.
జరగనిదానికి ఎవరిస్తారు జీతం?
మా ఉద్యోగమంతా జరగనివ్వకపోవడమే.

"సార్, మా వీధిలో బొమ్మలు చూపించేది నువ్వే గదా?"

ధనభాగ్యమ్మ. కొంగు ముడిలో మాత్రల అట్ట.
పెద్దాసుపత్రి నుంచి నడిచొచ్చినట్టుంది,
కాళ్లనిండా దుమ్ము.
"ఇది తిన్నాకనా, తినకముందా?"

ఈరోజు నేను ఉద్యోగంలో లేనమ్మా,
అనొచ్చు. రూలు కూడా అదే.
చీటీ అందుకున్నా.
"తినకముందు. అరగంట ముందర."
ఆమె కదలలేదు.
అరగంట ఆమె ఇంట్లో లేదు.
"సంగటికి ఎసరు పెడతావే,
అప్పుడు మింగు మాత్ర.
సంగటి కెలికి, దించి, ముద్ద చేసేసరికి సరిపోతుంది.
మింగినాక తినకుండా మాత్రం ఉండొద్దు."

"అట్ల చెప్పు మరి!
ఆయన అరగంట, అరగంట అంటాడు,
నాకు గడియారం యాడుండాది?"

ఆమె వీధి దాటేదాకా చూశా.
టీ చల్లారి పైన మీగడ కట్టింది.

ఫోన్‌లో హేమశ్రీ: "అన్నా, చెప్తానంటివే?"
టైపు చేశా, కొట్టేశా, మళ్లీ చేశా.

ఇరవై వేల చిల్లర. మూడు నెలలకోసారి.
నీకు సంగటి కెలకడం వచ్చా?