చేటెడు తవుడు

ఫారంలో ఒక గడి ఉంది: ఏ నిమిత్తం?
పెన్ను అక్కడే ఆగిపోయింది.
ఆస్తి తగాదా లేదు. పింఛను లేదు.
మా తాత ఎప్పుడు పుట్టాడో తెలుసుకోవాలని రాస్తే
నవ్వుతారేమోనని
ఖాళీ వదిలేశాను.

లోలుగు కూర్మారావు గారు, రికార్డు అసిస్టెంటు,
ముక్కుకి తువ్వాలు కట్టుకుని
"ఏ సంవత్సరం గావాల?" అన్నాడు.
తెలీదన్నాను.
"తుపాను ముందా, తరవాతా?"
ఏ తుపానో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

"అప్పుడు మనది గంజాం. ఆ కాగితాలు ఛత్రపురంలో ఉండొచ్చు.
ఆనక విశాఖపట్నం. యాభైలో గానీ శ్రీకాకుళం అవనేదు."
మా తాత టెక్కలి సంత దాటి ఎరగడు.
మూడు జిల్లాలు ఆయన మీదుగా నడిచి వెళ్ళాయి.
ఊరి పేరు చివర మాత్రం వలస.

అయినా ఓ కట్ట దొరికింది.
ఎర్రగుడ్డ, గోనె తాడు, ముక్కిన బియ్యం వాసన.
"తడేలు ఎట్టకు, సిరా సెరిగిపోద్ది" అని
పోస్టుకార్డు ముక్కతో పేజీ తిప్పాడు.

మునసబు గొలుసుకట్టు రాత.
పేజీకి ఏడుగురు తవుళ్ళు, ఇద్దరు పెంటయ్యలు.
పై ఊరివాళ్ళకి నవ్వు పేర్లు.
మాకు ఆ పేరు వినబడితే చాలు,
ముందు పుట్టినవాళ్ళు నిలవలేదని తెలిసిపోతుంది.
మరణాల రిజిస్టరు అక్కర్లేదు.

అయినా అదీ చూశాను.
పేడాడ దాలెమ్మ బిడ్డ, ఆడ, పదకొండు రోజులు, జ్వరం.
పేడాడ దాలెమ్మ బిడ్డ, మగ, ఏడాది, జ్వరం.
పేడాడ దాలెమ్మ బిడ్డ, ఆడ, వయసు మీద సిరా ఒలికింది, జ్వరం.
తండ్రి: రంగంలో.
పేరు ఉండాల్సిన చోట మూడుసార్లూ చిన్న గీత.
ఆ గీతలే మా తాత అక్కలు, అన్న.

నాలుగో కాన్పు కనబడదు.
మూడేళ్ళ పేజీలు ముందుకి, వెనక్కి.
తాత పుట్టినట్టు లేదు.
పుట్టకుండానే మా అమ్మని కన్నాడు,
వంశధారలో నాకు ఈత నేర్పాడు.

క్యారేజీ మూత పెట్టేస్తూ అడిగాడాయన:
"పక్కింటోలు ఎవులు?"
కూనవారు అన్నాను.
"ఆలలో సూడు."

తల్లి: కూన గవరమ్మ. మగ. పేరు: తవుడు.
చెప్పినవారు: పేడాడ దాలెమ్మ, పొరుగు. వేలిముద్ర.

మా తాతమ్మ
పొత్తిళ్ళ బిడ్డని చేటలో పెట్టి పెంట మీద పడుకోబెట్టింది.
గవరమ్మ వచ్చి, నాకు దొరికాడంది.
చావు వెతుక్కుంటూ వస్తే పేడాడవారింట పిల్లడు లేడు.
ఆ మాట గడపలో ఉంటే చాలదనుకుందేమో,
పచ్చి బాలింత మునసబు అరుగు దాకా నడిచింది.
నా బిడ్డ నాది కాదని
సర్కారు పుస్తకంలో వేలు వేసి మరీ వచ్చింది.
ముద్రలో నడిమి గీతలు లేవు.
తిరగలి పట్టిన వేలు.

తరవాత చేటెడు తవుడిచ్చి కొని తెచ్చుకుందట.
దానికి రశీదు లేదు.
కాగితం ప్రకారం నేను కూనవారి మునిమనవరాలిని.

"సవరణకి అర్జీ ఎట్టుకో. ఇద్దరు సాక్షులు గావాల."
వద్దన్నాను.
తాత పోయి ఇరవయ్యేళ్ళు.
అయినా ఎందుకో
ఆ దిద్దుబాటు చావు కంట పడడం ఇష్టంలేదు.

నకలు మీద ముద్ర కొట్టి
ఖాళీ గడిలో ఆయనే రాశాడు: సొంతానికి.

నరసన్నపేటలో బస్సు దిగి మిల్లు ముందు ఆగాను.
తవుడు కిలో ఎంత?
"ఎన్ని పశువులమ్మా?" అన్నాడు కాటా దగ్గర కుర్రాడు.
ఒక్కటీ లేదు.
ఓ చేటెడు చాలన్నాను.

కూనవారింట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో
కనుక్కోవాలి.