హౌస్‌కోటు వయసు

బట్టకు పుట్టినరోజు ఎవరూ రాయరు.
కాజీపేట రైల్వే క్వార్టర్ల కాడ
స్టీలు గిన్నెలిచ్చి పాతబట్టలు తీసుకునే నేను
ముప్పై ఏండ్ల సంది వేళ్లతోనే చదువుతున్న.

ముందుగాల తిరగెయ్యాలె.
పైకి అన్నీ పడుచు బట్టలే,
లోపలి కుట్టుకు అబద్ధం రాదు.
అంచుల్ని పండ్లకైంచితో కత్తిరించి వదిలేసిన్రా,
ఓవర్‌లాక్ దారం జాలి లెక్క అల్లుకున్నదా చూడు.
జిప్పును నాలుకకు తాకించు:
ఇత్తడిదైతే చల్లగ, చేదుగ.
నైలాన్‌కు రుచి లేదు.
గుండీని పంటి మీద రాయి,
చిప్ప గుండీ గరగరమంటది, ప్లాస్టిక్ మూగది.
ఇంకా నమ్మకం కుదరకపోతే
మడతల నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల చూపియ్యి.
నూలు, కాయితం కాలిన వాసనేసి బూడిదైతది.
టెరిలీన్ ముడుసుకొని నల్లపూసైతది.
మనుషుల్ల గూడ గంతే అనేది మా అత్త.

మొన్న గార్డు డిక్రూజ్ ఇంటామె డోరీన్
దూది పొదిగిన సాటిన్ హౌస్‌కోటు తెచ్చింది,
డికాక్షన్ రంగుది.
"మా మమ్మీది. ఇంగ్లీషోళ్ల కాలంది.
ఇడ్లీ కుక్కరు ఇస్తవా?"

అందరూ గట్లనే అంటరు.
తిరగేసిన.
గుండీలు చిప్పవే. జేబు అంచు చేతికుట్టే.
నడుంపట్టీ దూరే కొక్కాలు మాత్రం రెండు జతలు,
ఒకటి పైన, ఒకటి రెండంగుళాలు కింద.
తల్లి పొట్టిదా అంటే
అవునన్నది డోరీన్, నీకెట్ల తెలుసన్నది.
కుక్కరు మూత తీసి చూపిస్తనే ఉన్న,
చెయ్యి ఎడమ జేబు అడుగుకు పోయింది.

ఆడ ఒక మాసిక.
కోరా మిల్లుబట్ట, నాలుగు వేళ్లంత.
డికాక్షన్ రంగు మీద ఆకుపచ్చ దారం,
కుట్లన్నీ ఎడమకు ఒరిగినయ్,
కొసకు ఒకటి కాదు, మూడు ముళ్లు.

ఆజంజాహి మిల్లు గేటు పడ్డంక
మా నాయిన చౌరస్తల రేకు కింద మిషిన్ ఏసిండు.
సాంచెల కాడ నడిచిన ఎడమచెయ్యి
చక్రం దిక్కు తిరగనని మొండికేసేది,
మాసికలన్నీ సూదితోనే.
రెండో చలికాలం ఇంట్ల ఒక్కటే రీలు మిగిలింది, ఆకుపచ్చది.
నా బడి లంగా, తమ్ముడి నిక్కరు, నవారు మంచం పట్టీ,
ఆ యేడు చినిగినదల్లా పచ్చగ మొలిచింది.
గిరాకీ బట్టలకు గూడ గదే వాడిండని
ఇయ్యాల తెలిసింది.

"ఏ సంవత్సరంది మరి?" అన్నది డోరీన్.
కోటు ఎప్పటిదో నాకు ఎరుక లేదన్న.
మాసిక సంగతి చెప్పలేదు.

కుక్కరిచ్చిన. పైన రెండు గ్లాసులు.
మూట కట్టి గోదాంకు తోలేటప్పుడు
కోటును పక్కకు పెట్టిన.
ఇంటికి పోయినంక అగ్గిపెట్టె చేతులకు తీసుకున్న,
ఎన్నడూ ఉన్న అలవాటే.
దీపం ముట్టిచ్చి
కింద పెట్టిన.