కుడి చెవి

ఎడమ చెవి పోయి మూడేళ్ళు.
సూర్యారావుపేట డాక్టరు లైటు వేసి చూసి
'ఇంకోటుందిగా, దాన్ని చూసుకోండి' అన్నాడు.
అప్పట్నుంచీ
ఆటోనగర్ గేటు దగ్గర బస్సెక్కి
మాట ఎటు రుచిగా ఉంటే అటు
కుడి చెవి తిప్పి నిలబడతాను.
నాకు తెలిసేది ఎప్పుడూ సగం బస్సే.
మిగతా సగం పెదాలు కదిలిస్తుంది, అంతే.

పటమటలో ఎక్కిన పెద్దాయన
ఫోను తీసి 'ఆ' అన్నాడు.
కాసేపాగి 'ఆఁ?' అన్నాడు.
బెంజి సర్కిల్ సిగ్నల్లో 'ఆ... ఆ... ఆ' అని సాగదీశాడు.
ఫ్లైఓవర్ నీడ దాటాక 'ఆ!' అని పెట్టేశాడు.
అచ్చుల్లో రెండోదానితో
ఏ పొలం బేరమో ఏ తగువో
తేల్చి పారేసి
కిటికీ కడ్డీకి తల ఆనించి నిద్రపోయాడు.

గ్రీజు చేతుల కుర్రాడు ఒకడు
'ఒరిజినలే అన్నా, ఒట్టు' అంటూ
ఒళ్ళో బేరింగు పొట్లాన్ని
ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకున్నాడు.

ఆడవాళ్ళకి సున్నా టికెట్లు తీసిచ్చి
నా యాభై కాగితం మడిచి వేళ్ళ సందున పెట్టుకుని
టికెట్టు వెనక ముప్ఫై అని గీకి
'దిగేటప్పుడు అడగండి' అన్నాడు కండక్టరు.

ఇవన్నీ దారిలో దొరికేవి.
నేను ఎక్కేది మాత్రం సువర్చల కోసం.

సువర్చలని నేనెప్పుడూ చూళ్ళేదు.
డ్రైవరు వెనక రెండో సీట్లో
దీనమ్మా రమాకుమారీ
(వన్‌టౌన్ కొట్లో పొద్దస్తమానం చీరలు మడతపెడతారు)
మూడు నెలలుగా రోజుకో మడత
విప్పుతున్నారు ఆవిణ్ణి.

రాణిగారి తోటలో ఇడ్లీ బండి.
సిమ్ కార్డు వేయించుకొస్తానని వెళ్ళి
ఎనిమిదేళ్ళకి తిరిగొచ్చిన మొగుడు.
ఇంటికి రాలేదు. బండి దగ్గరికొచ్చాడు.
అందరి వెనకా నిలబడి, వంతు వచ్చాక
నాలుగు ఇడ్లీ అడిగి తిని
యాభై కాగితం ఇస్తాడు.
ఆవిడ మొహం చూడదు.
ఇరవై లెక్కపెట్టి
అతని చేతిలో కాదు, బల్ల మీద పెడుతుంది.
రోజూ ఇంతే.

'ఏమన్నా అంటుందా?'
'అనదు.'
'అల్లం పచ్చడి రెండోసారి వేస్తుందా?'
'నేనూ అదే అడిగా. వెయ్యదంట.'

ఆ పచ్చడి గురించి రెండు రాత్రులు ఆలోచించాను.
మందుల హోల్‌సేల్ కొట్లో బిల్లు రాస్తూ
దగ్గు సిరప్పు రాయాల్సిన చోట
అల్లం అని రాశాను.
సేటు కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు.

ఇవాళ రమాకుమారి రాలేదు.
దీనమ్మ పక్కన క్యారేజీ సంచి కూర్చుంది.
లబ్బీపేట పోయింది. రాఘవయ్య పార్కు పోయింది.
నిన్న ఏం జరిగిందో
ఆ సంచికి తెలుసు, నాకు తెలీదు.
కంట్రోల్ రూం దగ్గర జనం ఒక్కసారి తోసుకొచ్చి
నన్ను అటు తిప్పేశారు,
చెవిటి వైపు ఆవిడకి.

కిటికీ అద్దంలో ఆవిడ పెదాలు కదిలాయి.
ఫోను లేదు చేతిలో.
తల తిప్పాను. కుడి చెవి తెలిసిపోయేంతగా.
నన్నే చూస్తోంది.

'మీకేనండీ చెప్పేది,
నిన్న చిల్లర ఇవ్వలేదంట.'

చెప్పుల దొంగ దొరికినట్టు నిలబడి
'ఆఁ?' అన్నాను.

'అతనూ అడగలేదంట.'

'ఆ!' అన్నాను.

ఇంకేం చెప్పలేదు.
సంచి ఒళ్ళోకి తీసుకుంది.
ఖాళీ అయిన చోట కూర్చోమని అనలేదు,
కానీ సంచి తీసింది.
నేను కడ్డీ పట్టుకునే ఉన్నాను.

కాళేశ్వర్రావు మార్కెట్లో దిగి
సగం వీధి నడిచాక టికెట్టు చేతికి తగిలింది.
ముప్ఫై. నీలం బాల్‌పెన్ను.
బస్సు ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

రేపు రమాకుమారి వస్తే
మొదట్నుంచీ మళ్ళీ చెబుతుంది దీనమ్మ.
తెలియనట్టు నిలబడాలి.