గురువారం ఓపీ, పర్లాకిమిడి

పదకొండో నంబరు గదిలో
డాక్టరుగారికి ఒడియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు.
వచ్చేవాళ్లది తెలుగు,
కొండ దిగి వచ్చేవాళ్లది సవర.
మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద నేను.

ఫారంలో తొమ్మిది ప్రశ్నలు.
అన్నీ 'గత రెండు వారాలుగా' అని మొదలవుతాయి.
కాశీనగరం దాలమ్మ వేళ్లు మడిచింది, విప్పింది.
"వారాలు నాకేటి తెలుస్తాదమ్మా,
వరి నూర్పులకాడ పట్టుకున్నాది.
బెంగ."

బెంగకి గడి లేదు.
విచారం ఉంది, నిరాశ ఉంది,
ఆకలి మందగించడం ఉంది.
బెంగంటే ఎవరి మీద? అడిగారు డాక్టరు.
దాలమ్మ నవ్వింది.
"ఎవుల మీదా కాదు బాబూ. అదే కదా జబ్బు."
ఆయన కలం కాసేపు
కాగితానికి అంగుళం పైనే ఆగిపోయింది.

తర్వాత గుమ్మ కొండల నుంచి రుసుమి రైతా.
వెంట వచ్చిన ఆశా కార్యకర్త గొంతు తగ్గించి చెప్పింది:
పోయిన మొగుడితో మాట్లాడుతోంది సార్, రాత్రిళ్లు.
ఎన్నాళ్లుగా? తిడుతుందా ఆ గొంతు?
ఏదైనా చెయ్యమని ఉసిగొల్పుతుందా?
ఒక్కొక్కటీ సవరలోకి తిప్పాను.
రుసుమి నన్ను జాలిగా చూసింది.
కంది విత్తనాలు ఎక్కడ దాచావని అడిగానంది.
అటక మీద పాత గంపలో అన్నాడట.
అక్కడే ఉన్నాయట.
మా ఊళ్లో అందరం అడుగుతాం,
ఈ బాబు, వాళ్ల నాన్న పోతే,
ఎవరిని అడుగుతాడూ?

ఆ చివరి ముక్క నేను తిప్పలేదు.
ఆయనే గుచ్చి అడిగారు, ఇంకా ఏదో అంది కదా అని.
చెప్పాను.
ఫ్యాను ఒక్కటే తిరిగింది కాసేపు.

ఒకసారి టీ తాగుతూ అన్నారాయన:
మనిషి బాధపడుతూ ఉండాలి,
లేదా రోజువారీ బతుకు కుంటుపడాలి.
ఊరు ఊరంతా మామూలే అనుకునేది
జబ్బు కింద రాయకూడదు. అదీ గీత.
ఎవరు గీశారండీ?
"చాలామంది కూర్చుని.
చెరిపి మళ్లీ గీస్తుంటారు కూడా."
నాకు పాతపట్నం రోడ్డు గుర్తొచ్చింది.
కాస్త దూరం నడిస్తే రాష్ట్రం మారిపోతుంది.
మేకకి తెలీదు.
రేషన్ కార్డుకి తెలుసు.

రుసుమి చీటీ మీద రాశారు: మానసిక జబ్బు లేదు.
మోకాళ్లకి పక్క గదిలో చూపించుకోవాలి.

మా నాన్నది కొమ్ము పని.
దున్నపోతు కొమ్ముతో కొంగలు చేసేవాడు.
కాలు నున్నగా రాలేదని
తెల్లవార్లూ ఆకురాయితో రుద్దేవాడు,
విరిగిపోయేదాకా.
మళ్లీ కొత్త కొమ్ము.
చేతులు కడిగితే లెక్కపెట్టి పదిసార్లు,
మధ్యలో ఎవరైనా పిలిస్తే
మళ్లీ ఒకటి నుంచి.
వీధంతా పనిమంతుడంది.
అమ్మ ఒక్కతే 'పట్టు' అనేది,
ఏం పట్టిందో చెప్పేది కాదు.
నిరుడు వేరే ఫారం ఒకటి చదివి వినిపిస్తుంటే
నాలుగో ప్రశ్న దగ్గర
సబ్బుకి పగిలిన ఆ వేళ్లు కనిపించాయి.
ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది పేరు,
మనిషి పోయాక చేరిన మనియార్డరులా.
పేరు తెలిస్తే బతికేవాడని కాదు.
మేం ఆయన్ని
పొగడకుండా ఉండేవాళ్లం.

నెల తిరిగి దాలమ్మ వచ్చింది.
సగం మాత్ర, రోజూ రాత్రి.
జడ వేసుకుంది. చంకలో తేగల కట్ట.
ఎలా ఉంది బెంగ? అన్నాను, ఫారం తెరవకుండానే.
"పోనేదమ్మా. కూకున్నాది.
ఇన్నాళ్లూ నా మీద నిలబడే ఉండీది."
డాక్టరు నా వైపు చూశారు.
ఒడియాలో వెతికాను.
కూర్చోవడం ఉంది, నిలబడడం ఉంది.
కానీ ఆ మాట అంటూ
ఆవిడ అరచెయ్యి కిందకి దించిన తీరుకి
ఏమీ దొరకలేదు.
"భొలొ ఒచ్ఛి" అన్నాను. బాగుంది, అని.
ఆయన టిక్కు పెట్టారు.
స్టూలు కింద తేగలు,
ఇంకా తడి మన్ను అంటుకుని.