బురద గుర్తు

వేల్స్ కొండ కింద, టెగ్వెన్ కొట్టులో
రెండు పటాలు.
ఒకటి నిగనిగ. వానకు తడవదు,
జేబులో ఒదుగుతుంది,
కాఫీ దొరికే చోటల్లా ఎర్రని కప్పు.
పొద్దుగూకేలోగా పది పోతాయి.

రెండోది సర్కారువారిది.
ఒకసారి విప్పితే మళ్లీ మడతపడదు.
కూలిన గొర్రెలదొడ్డి, పూడిన బావి,
ఎవడు కొంటాడని బురదనేల నిండా
అన్ని నీలి గడ్డిపోచలు?

వాగు పేరు మాత్రం తప్పు.
సర్వేయరు వచ్చి అడిగిన రోజుకే
టెగ్వెన్ తాతకు పళ్లు లేవు.

నిన్న పొగమంచులో ఇద్దరు తప్పిపోయారు.
జేబులో నిగనిగలాడేదే ఉందట.
వెతకబోయేవాళ్లు లాంతరు కింద పరిచింది
ఆ మడతపడనిదాన్నే.

టెగ్వెన్ డబ్బు పుచ్చుకోలేదు.
"తడిసినా సరే, తిరిగి తెచ్చివ్వండి.
ఉన్నది ఒక్కటే,
మళ్లీ ఎప్పుడు అచ్చేస్తారో!"